బడికి వచ్చే మ్యూజియం

ఫార్‌లాప్ అని ఒక పందెపు గుర్రం ఉండేది. అది 1926లో న్యూజీలాండులో పుట్టింది. ఆస్ట్రేలియాలో పరిగెత్తి పేరు తెచ్చుకున్నది. మొత్తం 51 పందేలలో పరిగెత్తి 37 గెలిచింది. 1930లో మెల్‌బోర్న్ కప్పు అనే పెద్ద పందెం కూడా దానికే దక్కింది. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో పనులు దొరక్క జనం అల్లాడిపోతున్నారు. ఆ గుర్రం గెలిస్తే వాళ్ళకు తామే గెలిచినట్టు ఉండేది. తరవాత దాన్ని పందేల కోసం ఓడ ఎక్కించి ఉత్తర అమెరికా తీసుకుపోయారు. అక్కడ అది ఉన్నట్టుండి జబ్బుపడి, 1932 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలో చచ్చిపోయింది.

చచ్చిపోయాక దానికి జరిగినది మరీ విచిత్రం. దాని చర్మాన్ని గుర్రం ఆకారానికి తొడిగి మెల్‌బోర్న్ నగరపు మ్యూజియంలో నిలబెట్టారు. ఎముకలు న్యూజీలాండు పోయి వెల్లింగ్టన్ మ్యూజియం చేరాయి. గుండె కాన్‌బెర్రా నగరం చేరింది. ఇప్పుడది ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో గాజుపాత్రలో ఉన్నది. దాని బరువు 6 కిలోల పైచిలుకు! మామూలు గుర్రాల గుండెలు దానిముందు చాలా చిన్నవి. అందుకే దాన్ని చూడటానికి జనం ఎగబడతారు.

అంటే, ఆ గుర్రాన్ని పూర్తిగా చూడదలచిన పిల్లవాడు రెండు దేశాలూ మూడు ఊళ్ళూ తిరగాలన్న మాట. మధ్యలో సముద్రం దాటాలి. 2010లో ఎముకలను కొద్ది నెలలపాటు మెల్‌బోర్నుకు తెచ్చి చర్మం పక్కన నిలబెట్టారు. గుండె మాత్రం రాలేదు. అది మరీ పెళుసు, ప్రయాణానికి తట్టుకోదు.

వస్తువు కదలలేదు, పిల్లవాడు రాలేడు. అలాంటప్పుడు చెయ్యగలిగినదేమిటి?

కాన్‌బెర్రా మ్యూజియంవాళ్ళు ఇందుకు ఒక ఉపాయం చేశారు. 2013 ప్రాంతంలో ఆ మ్యూజియం గాలరీలలో రెండు మరమనుషులు తిరిగాయి. వాటిని ఆస్ట్రేలియా ప్రభుత్వపు పరిశోధనసంస్థ తయారుచేసింది. వాటికి చెస్టర్, కాస్పరోవ్ అని పేర్లు పెట్టారు. మరమనుషులంటే కాళ్ళూ చేతులూ ఉన్నవి కావు. చక్రాల మీద నడిచే పొడుగాటి స్తంభాల లాంటివి. తల ఉండవలసిన చోట నాలుగు దిక్కులూ ఒక్కసారే చూడగల కెమేరా, కింద ఒక తెర. మ్యూజియం టీచరు ముందు నడుస్తూ వస్తువులను గురించి చెబుతుంటే మరమనిషి ఆమె వెనకనే పోయేది. ఎక్కడో వందల మైళ్ళ దూరాన బడిలో కూర్చున్న పిల్లలకు తమ కంప్యూటర్లలో మ్యూజియం కనిపించేది. పిల్లల మొహాలు మరమనిషి తెర మీద టీచరుకు కనిపించేవి.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. మామూలు టెలివిజన్‌లో కెమేరా ఎటు చూపిస్తే అందరూ అటే చూడాలి. ఈ కెమేరా నాలుగు దిక్కుల దృశ్యమూ పంపుతుంది గనక, ఏ పిల్లవాడికి ఇష్టమైన వైపు వాడు చూడవచ్చు. టీచరు గుర్రం గుండెను గురించి చెబుతున్నప్పుడు ఒకడు పైకప్పు చూస్తూ ఉండవచ్చు, మరొకడు పక్క అద్దాల పెట్టెలో ఏమున్నదా అని తొంగి చూడవచ్చు. నిజంగా మ్యూజియంకు వెళ్ళిన పిల్లలు చేసేది అదేగదా!

ఇలాంటి ఉపాయం ఆస్ట్రేలియాలో తట్టడం ఆశ్చర్యం కాదు. ఆ దేశం మధ్యభాగంలో మనుషులు చాలా తక్కువ. పశువుల మేత కోసం వేలాది ఎకరాలున్న ఒక్కొక్క ఇల్లు. పక్క ఇల్లు ఎక్కడో వంద కిలోమీటర్ల దూరాన! అలాంటి ఇళ్ళలో పిల్లలకు బడి ఎక్కడిది? పాఠాలు టపాలో వచ్చేవి. పిల్లలు రాసి పంపేవాళ్ళు. దిద్దిన కాగితాలు కొన్ని వారాలకు తిరిగి వచ్చేవి. ఈ లోపల పిల్లవాడు తాను ఏం రాశాడో తనే మరిచిపోయేవాడు.

ఆ ప్రాంతంలో జబ్బు చేస్తే డాక్టరు విమానంలో రావాలి. 1928లో అలాంటి విమాన డాక్టర్ల ఏర్పాటు జరిగింది. కాని డాక్టరును పిలవడం ఎలా? ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఆయన ఒక రేడియో తయారుచేశాడు. సైకిలు తొక్కినట్టు కాళ్ళతో పెడళ్ళు తొక్కితే దానికి కావలసిన కరెంటు పుడుతుంది. ఒంటరి ఇళ్ళవాళ్ళు ఆ రేడియోతో డాక్టరును పిలిచేవాళ్ళు. తీరిక సమయాల్లో ఒకరితో ఒకరు కబుర్లు కూడా చెప్పుకునేవాళ్ళు.

అడిలైడ్ మీట్కే అనే ఆమె ఇది గమనించింది. ఆమె బడులను పర్యవేక్షించే ఉద్యోగం చేసినది. ఎడారి ఇళ్ళలో పిల్లలు కొత్త మనిషి కనబడితే తల్లి కొంగు చాటున దాక్కునేవాళ్ళు. తోటి పిల్లలతో మాట్లాడి ఎరగరు. డాక్టరును పిలిచే రేడియోలో పంతులుగారు ఎందుకు మాట్లాడరాదని ఆమె అడిగింది. ఫలితంగా 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ‘గాలిబడి’ మొదలయింది. ఆ బడికి గోడలు లేవు. దాని విస్తీర్ణం దాదాపు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానిలో నాలుగోవంతు కూడా కాదు!

అందరికంటె ముందు పిల్లలు నేర్చుకున్నది ఒకరి మాట ఒకరు వినడం. రేడియోలో ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఏమీ వినపడదు గనక, తమ వంతు వచ్చిందాకా ఆగేవాళ్ళు. కాని ఆ బడికి ఒక పెద్ద లోటు ఉండేది. కంఠం వెళ్ళేదిగాని బొమ్మ వెళ్ళేది కాదు. ఏనుగును చూడని పిల్లవాడికి రేడియోలో ఏనుగును చూపించడం ఎవరి తరం? ఈ లోటు తీరడానికి యాభై ఏళ్ళు పైగా పట్టింది. 2000 తరవాత ఉపగ్రహం ద్వారా పాఠాలు వచ్చినప్పుడు టీచరు మొహాన్ని పిల్లలు తెర మీద చూశారు.

మన దేశంలో మాత్రం బొమ్మ ముందు వచ్చింది, కంఠం తరవాత వచ్చింది. ఎలాగంటారా? 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఒక్క ఏడాదిపాటు, మన దేశం అమెరికావారి ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకున్నది. దాని ద్వారా ఆరు రాష్ట్రాలలో 2,400 పల్లెలకు టెలివిజన్ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కూడా పాఠాలు వచ్చాయి. ఊరుమ్మడి టెలివిజన్ పెట్టె ఒకటి, దానికి తోడు ఇనపవలతో చేసిన పెద్ద గొడుగు లాంటి ఏరియలు. కోళ్ళ దొడ్లకు కట్టే వలే అది. చాలా పల్లెలలో జనం టెలివిజన్ చూడటం అదే మొదటిసారి. పొద్దున బడిపిల్లలకూ, సాయంత్రం పెద్దలకూ కార్యక్రమాలు వచ్చేవి.

ఐతే తెర మీది మనిషి చెప్పుకుపోవడమేగాని, పిల్లవాడు, ‘‘నాకు తెలియలేదండీ, మళ్ళీ చెప్పండి,’’ అంటే అతనికి వినిపించదు. ప్రశ్న అడిగే వీలు లేని బడి సగం బడి మాత్రమే. 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపారు. అది కేవలం చదువు కోసం తయారుచేసినది. దాని ద్వారా మేష్టారు చెప్పడమేగాక, దూరాన ఉన్న పిల్లలు తిరిగి అడగటానికి కూడా వీలు కల్పించారు.

ఇక మ్యూజియం పాఠాలు ఎలా ఉంటాయో చూద్దాం. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే నగరంలో పెద్ద కళా మ్యూజియం ఉన్నది. 1916లో తెరిచారు. లోపలికి పోవడానికి టిక్కెట్టు లేదు. అందులో ఒక శాల నిండా పాతకాలపు యూరపు యోధుల ఇనప కవచాలు. గుర్రానికి కూడా కవచం తొడిగి పైన యోధుణ్ణి కూర్చోబెట్టారు. మన దేశపు నటరాజ విగ్రహమూ అక్కడ ఉన్నది. ఈ మ్యూజియంవాళ్ళు 1990ల చివరలోనే బడులకు వీడియోలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి ఇళ్ళలో ఇంటర్నెట్టే అరుదు. చేతిలో టెలిఫోను పట్టుకుని మొహాలు చూసుకోవడం ఎవరూ కలగని కూడా ఉండరు.

మ్యూజియం పాఠం అంటే వస్తువుల జాబితా చదివినట్టు ఉంటుందని కొందరు అనుకుంటారు. మంచి మ్యూజియం టీచరు అలా చెప్పదు. ఒక బొమ్మ చూపించి, ఒక్క నిమిషం నోరు మూసుకుని చూడమంటుంది. నిమిషం చాలా తక్కువ కాలమని మీకు అనిపించవచ్చు. గడియారం ముందు పెట్టుకుని ఏదైనా బొమ్మను కదలకుండా చూసి చూడండి, అది ఎంత పొడుగో తెలుస్తుంది! తరవాత టీచరు, ఇందులో ఏం జరుగుతున్నది అని అడుగుతుంది. ఎవరో ఒక జవాబు చెబుతారు. అలా ఎందుకు అనుకుంటున్నావు, బొమ్మలో ఎక్కడ ఉన్నది అని మళ్ళీ అడుగుతుంది. ఇంకా ఏం కనిపిస్తున్నది అంటుంది. తప్పో ఒప్పో వెంటనే చెప్పదు. పిల్లలే ఒకరినొకరు సరిదిద్దుకుంటారు. ఇదంతా జరగాలంటే అవతలి మనిషి అప్పటికప్పుడు మాట్లాడుతూ ఉండాలి. ముందే తీసి దాచిన ఫిల్ము ఈ పని చెయ్యలేదు. పిల్లవాడు ఏం అడుగుతాడో ఫిల్ముకు తెలియదుగదా.

ఈ టీచర్లు అన్నివేళలా గాలరీలో నిలబడే చెప్పరు. చాలా చోట్ల ఒక చిన్న గదిలో, ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడతారు. కెమేరా పంపే బొమ్మలో ఆకుపచ్చ రంగు ఉన్న చోటల్లా కంప్యూటరు మరొక దృశ్యాన్ని అతికిస్తుంది. అంచేత టీచరు ఈజిప్టు సమాధి ముందు నిలబడినట్టే పిల్లలకు కనిపిస్తుంది. ఆకుపచ్చే ఎందుకంటే, మనిషి ఒంటిరంగులో అది ఉండదు. టీచరు పొరపాటున అదే రంగు చీర కట్టుకు వస్తే, పిల్లలకు చీర కనిపించదు. తలా చేతులూ మాత్రం గాలిలో ఆడుతూ ఉంటాయి!

దూరాన ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య కాస్త ఆలస్యం ఎందుకవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎడ్యుశాట్ వంటి ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ మాట అక్కడిదాకా ఎక్కి మళ్ళీ దిగాలి. అంటే 72,000 కిలోమీటర్లు. రేడియో తరంగాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. ఐనా మీ ప్రశ్న చేరడానికి పావు సెకను పడుతుంది. జవాబు రావడానికి మరో పావు సెకను. అర సెకను ఎంతసేపని కొట్టిపారెయ్యకండి. ఆ కాస్త వ్యవధిలోనే అవతలివాళ్ళు వినలేదనుకుని మనం మళ్ళీ మాట్లాడతాం. ఇద్దరి మాటలూ ఢీకొంటాయి.

ఈనాడు దేశాల మధ్య మాటలూ బొమ్మలూ ఎక్కువగా ఉపగ్రహం మీదుగా పోవు. సముద్రపుటడుగున పరిచిన గాజుతీగల వెంట, కాంతి రూపంలో పోతాయి. గాజులో కాంతి వేగం తగ్గి, సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు అవుతుంది. ఐనా దూరం తక్కువ గనక లాభమే. పది వేల కిలోమీటర్ల తీగ అనుకుంటే, సెకనులో ఇరవయ్యోవంతులో అవతలి ఒడ్డు చేరుతుంది.

మరి బొమ్మ సంగతి? కదిలే బొమ్మ అంటే నిజానికి సెకనుకు 25, 30 చొప్పున వచ్చే నిశ్చలమైన బొమ్మలే. అన్నిటినీ పూర్తిగా పంపాలంటే చాలా లావు దారి కావాలి. అంచేత కంప్యూటరు ఒక తెలివైన పని చేస్తుంది. మొదటి బొమ్మను పూర్తిగా పంపి, తరవాత మారినదాన్ని మాత్రమే పంపుతుంది. టీచరు చెయ్యి ఊపితే చెయ్యి సంగతి పంపుతుంది. వెనక గోడ కదలదు గనక దాన్ని మళ్ళీ మళ్ళీ పంపదు. మ్యూజియం వస్తువులు కూడా కదలవు గదా! అందుకే ఇంటర్నెట్టు మందంగా ఉన్న పల్లెబడికి క్రికెట్టు ఆటకంటె రాతివిగ్రహం స్పష్టంగా వస్తుంది. కెమేరా పట్టుకున్న మనిషి గబగబా నడిస్తే మటుకు అంతా మారిపోతుంది, తెర మీద గళ్ళుగళ్ళుగా మచ్చలు పడతాయి. అనుభవం ఉన్న టీచరు నాలుగడుగులు నడిచి, ఆగి, అప్పుడు మాట్లాడుతుంది.

మ్యూజియంలో మరొక చిక్కు కూడా ఉన్నది. పాత బట్టలూ, నీటిరంగుల బొమ్మలూ వెలుతురుకు వెలిసిపోతాయి. వెలుతురును లక్సులలో కొలుస్తారు. ఎండలో అది లక్షదాకా ఉంటుంది. పాత బట్టల మీద 50కి మించి పడరాదని మ్యూజియంవాళ్ళ నియమం. అంత మసకలో మన కళ్ళు కాసేపటికి అలవాటుపడతాయిగాని, కెమేరాకు కష్టం. పెద్ద దీపం వేసి చూపిస్తే బాగుంటుందని మనకు అనిపిస్తుంది. కాని అలా రోజూ ప్రతి బడికీ చూపిస్తే కొన్నాళ్ళకు చూపించడానికి రంగే మిగలదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కొలత ఒక ఎత్తు. తెరకు ఉన్న పెద్ద దోషం అది అన్నిటినీ ఒకే పరిమాణంలో చూపించడం. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మను మీ చరిత్ర పుస్తకంలో చూసే ఉంటారు. చెయ్యి నడుము మీద పెట్టుకుని ఠీవిగా నిలబడి ఉంటుంది. అది మనిషంత ఉంటుందని ఎంతమంది అనుకుంటారో! ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. మీ అరచేతిలో పడుకుంటుంది. అందుకని మంచి టీచరు వస్తువు పక్కన తన చెయ్యి పెట్టి చూపిస్తుంది. లేదా పిల్లలనే టేపు తెచ్చి, నల్లబల్ల మీద అంత గీత గియ్యమంటుంది. గీత గీసినవాళ్ళు ఆ కొలతను మరిచిపోరు.

తెరకు ఉన్న మరో దోషం, అది ఒక్క వైపే చూపించడం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారికి ఒక కొయ్య విగ్రహం జ్ఞాపకం ఉంటుంది. ముందునుంచి చూస్తే గర్వంగా నిలబడిన మగవాడు. వెనకనుంచి చూస్తే తల వంచుకున్న ఆడపిల్ల. రెండూ ఒకే కొయ్యలో చెక్కినవి. వెనక అద్దం పెట్టబట్టి రెండు రూపాలూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ అద్దం లేకుండా ఒక్క ఫొటో తీసి పంపితే, ఆ ఆడపిల్ల ఉన్నదనే మీకు తెలియదు. కెమేరా చుట్టూ తిరిగిరావాలి. లేదా, ‘‘దాని వెనక ఏమున్నది?’’ అని పిల్లల్లో ఎవరైనా అడగాలి. వీడియో పాఠం ఫొటోకంటె గొప్పది కావటానికి కారణం ఈ ప్రశ్నే.

అప్పుడప్పుడు మ్యూజియంలు ఒక్కసారే వేలమంది పిల్లలకు పాఠం చెబుతాయి. 2013లో లండనులోని బ్రిటిష్ మ్యూజియం ఇటలీ నుంచి పాంపెయి, హెర్కులేనియం అనే ఊళ్ళ వస్తువులు తెచ్చి ప్రదర్శించింది. ఆ ఊళ్ళు క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద కింద పూడిపోయాయి. ఆ ఏడు జూన్‌లో బ్రిటన్‌లోని సినిమాహాళ్ళకు ఆ ప్రదర్శనను గాలరీలోనుంచి నేరుగా ప్రసారం చేశారు. బడిపిల్లల కోసం ప్రత్యేకంగా మరొక ఆట వేశారు. ఆ వస్తువులలో ఒక రొట్టె ఉన్నది. బొగ్గులా మాడిపోయినా ఆకారం చెడలేదు. చక్రంలా గుండ్రంగా, ఎనిమిది ముక్కలకు గాట్లు పెట్టి ఉన్నది. పైన ముద్ర. క్వింటస్ గ్రానియస్ వేరస్ అనే ఆయన బానిస సెలర్‌ది ఆ రొట్టె అని దాని అర్థం. ఊరుమ్మడి పొయ్యిలో రొట్టెలు కలిసిపోకుండా అలా ముద్ర వేసుకునేవారని చెబుతారు. రాజుల పేర్లు చరిత్రలో నిలవటం వింత కాదు. రెండువేల ఏళ్ళ కిందటి ఒక బానిస పేరు రొట్టె మీద మిగిలింది!

సినిమాహాలు పాఠంలో వైభవం ఉంటుందిగాని, వేలమందిలో ఏ ఒక్కరూ ప్రశ్న అడగలేరు. నన్నడిగితే, ముప్ఫైమంది పిల్లలూ ఒక టీచరూ ఉన్న చిన్న పాఠమే మేలు.

2020లో కరోనా జబ్బు ప్రపంచమంతా వ్యాపించినప్పుడు మ్యూజియంలన్నీ మూతపడ్డాయి. ప్రపంచంలోని మ్యూజియంలలో నూటికి 90 తలుపులు మూసుకున్నాయని యునెస్కో ఆ మే నెలలో లెక్క చెప్పింది. బడులూ మూతపడ్డాయి. అప్పటిదాకా కొద్దిమందికే తెలిసిన ఈ వీడియో పాఠాలు ఇంటింటికీ పాకాయి. అప్పుడే వీటి అసలు లోటు కూడా బయటపడింది. ఒక్కటే టెలిఫోను ఉన్న ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఒకరి పాఠం అయిందాకా ఇద్దరు కూర్చోవాలి. ఊళ్ళో సిగ్నలు దొరకక చెట్టో మేడో ఎక్కవలసి వచ్చినవారూ ఉన్నారు. ఎక్కడికీ పోలేని పిల్లలకోసం పుట్టిన పాఠం ముందుగా అన్నీ ఉన్నవాళ్ళకే అందింది. దీనికి మందు పెద్దల చేతిలో ఉన్నది. ఇంటింటికీ ఒక యంత్రం అక్కర్లేదు, బడికి ఒక్క కంప్యూటరు, ఒక పెద్ద తెర, నిలకడైన కరెంటు ఉంటే అరవైమంది కలిసి చూడవచ్చు. కలిసి చూస్తే వాదించుకోవచ్చు కూడాను. ఐతే ఈ తెర వచ్చిందిగదా అని, ఏడాదికొకసారి పిల్లలను బస్సెక్కించి దగ్గరి మ్యూజియం చూపించే అలవాటును మానేసే బడి పెద్దలు ఉంటే మాత్రం వాళ్ళు పిల్లలకు అన్యాయం చేస్తున్నట్టే.

ఫార్‌లాప్ గుర్రంలాగే మూడు ఊళ్ళకు చెదిరిపోయినది మనకూ ఒకటి ఉన్నది. అది అమరావతి మహాస్తూపం.

కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళకు పూర్వం కట్టిన ఆ స్తూపం దాదాపు 50 మీటర్ల వెడల్పు ఉండేది. శాతవాహనుల కాలంలో దాని చుట్టూ పల్నాటి సున్నపురాతి పలకలు నిలిపి, వాటి మీద బుద్ధుడి కథలు చెక్కారు. కాలక్రమాన అది మట్టిదిబ్బగా మారింది. 1790ల చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వారు. చెక్కిన రాళ్ళు బయటపడ్డాయని విని కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి, తన మనుషులచేత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొంత తవ్వించి రాళ్ళను మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడలో లండను వెళ్ళిపోయింది. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరింది. మిగతావి ఈనాడు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలినది గుండ్రని పునాది.

లండనులో ఉన్న రాళ్ళలో ఒకటి అన్నిటికంటె విలువైనదని నాకు తోస్తుంది. అది మీటరుకు కాస్త మించిన ఎత్తుగల పలక. దాని మీద స్తూపం బొమ్మే చెక్కి ఉన్నది! గుండ్రని గోపురం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వరసగా అయిదు స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. స్తూపం పోయిందిగాని, స్తూపంలోనిదే ఒక రాయి తన ఇల్లు ఎలా ఉండేదో చెబుతున్నది. అమరావతిలో పునాది చూసిన పిల్లవాడికి ఈ రాయి కనిపిస్తేనే ఆ పునాది మీద ఏముండేదో తెలుస్తుంది. కాని రాయి లండనులో, పిల్లవాడు అమరావతిలో!

ఆ రాళ్ళు మనకు తిరిగి రావాలా అన్నది పెద్దల మధ్య నడుస్తున్న వాదం. అది తేలేదాకా పిల్లలు చూడకుండా ఉండనక్కర్లేదు. అలాగని తెర మీద చూపించాం గనక ఇక రాళ్ళ మాట ఎత్తకండని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోదగినది కాదు. చూడటం వేరు, దగ్గర ఉండటం వేరు.

మూడు ఊళ్ళలో మూడు కెమేరాలు పెట్టి స్తూపాన్ని ఒక్క తెర మీదికి తీసుకురావడం ఈనాడు కష్టమైన పని కాదు. కావలసిన పరికరాలన్నీ ఉన్నాయి. గడియారం సంగతి ఒక్కటే చూసుకోవాలి. చలికాలంలో లండనులో పొద్దున పదిగంటలైతే మనకు మధ్యాహ్నం మూడున్నర. వేసవిలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు గనక రెండున్నర. ఎలా చూసినా మన బడి ఇంకా వదలదు.

అలాంటి పాఠం ఎప్పుడైనా మీ బడికి వస్తే, ఆ పలక వెనకవైపు చూపించమని అడగండి. అటు కూడా బొమ్మ ఉన్నది. అది ముందువైపు బొమ్మకంటె కొన్ని వందల ఏళ్ళు పాతది. ఒక చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం. ఆ రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కారు. ఆయన ఉన్నాడని చెప్పడానికి ఖాళీ ఆసనం చెక్కేవారు. తరవాతి కాలపు శిల్పి ఎవరో ఆ పాత రాయినే తిరగేసి, రెండో వైపున స్తూపం చెక్కాడు.